నేలకు దిగని ముక్క

పూర్వుల కృతిని తిరిగి రచించడం కొత్త కృతిని రచించడం కంటె కష్టమైన పని. కొత్త కృతికి పోలిక ఉండదు. తిరిగి రచించినదానికి మాత్రం పాతది ఎప్పుడూ పక్కనే నిలిచి ఉంటుంది. తెలుగువారికి ఈ సంగతి ఒకరు చెప్పవలసిన అవసరం లేదు. రామకథ ఒకటే. దానిని రంగనాథ రామాయణం ద్విపదలో పాడింది, భాస్కర రామాయణం పద్యగద్యాలతో నడిపింది, మొల్ల సంక్షిప్తంగా, తేటగా చెప్పింది. ఛందస్సు మారింది; వర్ణనలు ఒకచోట పెరిగాయి, ఒకచోట తరిగాయి; మూలంలో లేని ఘట్టాలు కూడా కొన్ని వచ్చి చేరాయి. అయినా అవన్నీ రామాయణాలే అయినవి. ఎందుచేతననగా, ఆ కథకు ప్రాణం ఏదో ఆ కవులందరికీ తెలుసు. దేహానికి ఎన్ని అలంకారాలు మార్చినా వారు ఆ ప్రాణాన్ని మాత్రం ముట్టలేదు.

ఈ సూత్రం కావ్యాలకే గాక ఆటలకు కూడా వర్తిస్తుంది. ఆటకూ ఒక దేహం ఉన్నది, ఒక ప్రాణం ఉన్నది. గవ్వలకు బదులు చింతపిక్కలు వేసినంత మాత్రాన ఆట చెడదు. నేల మీద సుద్దతో గీసిన గళ్లను పలక మీద గీసినా చెడదు. కాని మరేదో ఒకటి మారితే, గళ్లూ గవ్వలూ అన్నీ యథాతథంగా ఉన్నప్పటికీ, ఆడేవారికి అది ఆట అనిపించదు. ఆ ఒక్కటి ఏదో ముందుగా చెప్పడం సులభం కాదు. పోయిన తరువాతనే దాని విలువ తెలుస్తుంది. అట్లా పోగొట్టుకొని తెలుసుకొన్న ఉదాహరణలలో ఒకటి 2001లో "గేమ్ బాయ్ అడ్వాన్స్" అనే చేతి యంత్రం మీద వెలువడిన "టెట్రిస్ వరల్డ్స్". లోకప్రసిద్ధమైన "టెట్రిస్" అనే ఆటకు అది పునర్నిర్మాణం. అందులో పాత ఆటలోని ముక్కలన్నీ ఉన్నవి, రంగులు అదనంగా ఉన్నవి, సౌకర్యాలు పెక్కు ఉన్నవి. అయినా పాత ఆటను ప్రేమించినవారు దానిని ఆడి నిరుత్సాహపడ్డారు. ఆ నిరుత్సాహానికి కారణం వెతకడమంటే టెట్రిస్ ప్రాణం ఎక్కడ ఉన్నదో వెతకడమే.

ఈ ఆట పుట్టినది 1984లో, మాస్కోలో. సోవియట్ విజ్ఞానశాస్త్ర అకాడమీకి చెందిన గణన కేంద్రంలో అలెక్సీ పజిత్నోవ్ అనే పరిశోధకుడు పనిచేసేవాడు. ఆయనకు చిన్ననాటి నుండి పజిళ్లంటే మక్కువ. అయిదేసి గడులు కలిసిన పన్నెండు చెక్కముక్కలను ఒక పెట్టెలో ఖాళీ లేకుండా అమర్చే "పెంటామినో" అనే ఆట ఆయనకు ఇష్టమైన వాటిలో ఒకటి. పెట్టెలోని ముక్కలను బయట పోసి తిరిగి సర్దబోతే అది ఎంత కష్టమో ఆడినవారికే తెలుస్తుంది. ఆ కష్టాన్ని కంప్యూటర్ మీదికి తేవాలని పజిత్నోవ్ సంకల్పించాడు. అయిదు గడుల ముక్కలు పన్నెండు. అవి గిర్రున తిరుగుతూ ఉంటే బుద్ధికి అందడం కష్టమని తలచి నాలుగు గడుల ముక్కలకు దిగాడు. అవి ఏడే. ఏడు రూపాలయితే మనస్సు ఒక్కసారిగా పట్టుకోగలదు.

ఆయనకు లభించిన యంత్రం పేరు ఎలక్ట్రానికా 60. దానికి బొమ్మలు గీసే శక్తి లేదు. అక్షరాలు, విరామచిహ్నాలు మాత్రమే తెర మీద కనిపించేవి. అందుచేత కుండలీకరణ చిహ్నాలనే పక్కపక్కన పేర్చి ఆయన గడులను తయారుచేశాడు. ముక్కలు పైనుండి ఒక్కొక్కటిగా దిగుతాయి; ఆడేవాడు వాటిని పక్కలకు జరపవచ్చు, తిప్పవచ్చు. మొదట ఇంతే. కాని కొద్దిసేపటిలోనే బావి వంటి ఆ చోటంతా నిండిపోయి ఆట ముగిసేది. అప్పుడు పజిత్నోవ్‌కు తోచినది ఈ ఆట మొత్తంలో రెండవ గొప్ప ఆలోచన. ఒక వరుసలో ఖాళీ లేకుండా గడులన్నీ నిండితే ఆ వరుస మాయమై, పైనున్నవి దిగి, చోటు మిగులుతుంది. ఆయన సహోద్యోగి ద్మిత్రీ పావ్లోవ్‌స్కీ, పదహారేళ్ల విద్యార్థి వాదిమ్ గెరాసిమోవ్ చేయివేసి దానిని ఐ.బి.ఎం. కంప్యూటర్ మీదికి, రంగులలోకి తెచ్చారు. నాలుగు అనే అర్థమిచ్చే గ్రీకు మాటను, పజిత్నోవ్‌కు ఇష్టమైన టెన్నిస్ అనే మాటను కలిపితే "టెట్రిస్" అయినది.

ఆట స్వరూపం చెప్పడానికి నాలుగు వాక్యాలు చాలును. పది గడుల వెడల్పు, ఇరవై వరుసల ఎత్తు గల బావి ఒకటి. పైనుండి దిగే ముక్కలలో నాలుగు గడులు ఒకే బారుగా ఉన్న కర్ర ఒకటి. రెండు రెళ్ల చదరం ఒకటి. మూడు గడుల నడుమ ఒక గడి మొలిచినది ఒకటి. కొసన వంగిన కొక్కేలు రెండు, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. మెట్టువలె వంకరపోయినవి రెండు, అవీ ఒకదానికొకటి అద్దంలోని నీడలు. ఆడేవాడు ఎంత నేర్పుగా వరుసలు నింపుతూ పోతే ముక్కలు అంత వేగంగా దిగుతాయి. పేర్పు పైకప్పును అంటినప్పుడు ఆట సమాప్తం.

ఇంత స్వల్పమైన నిర్మాణంలో ఎంత లోతు ఉన్నదో గణితశాస్త్రజ్ఞులు తరువాత చూపించారు. చదరంగపు బల్లవలె గడులకు నలుపు తెలుపు వేసి చూస్తే, ఏడు ముక్కలలో ఆరు ఎక్కడ పెట్టినా రెండు నల్లగడులను, రెండు తెల్లగడులను కప్పుతాయి. నడుమ మొలక ఉన్న ముక్క ఒక్కటి మాత్రం మూడింటిని ఒక రంగువి, ఒకదానిని మరొక రంగుది కప్పుతుంది. అందుచేత ఏడు ముక్కలను ఒక్కొక్కటి చొప్పున తీసుకొని, వాటి 28 గడులతో నాలుగు ఏళ్ల దీర్ఘచతురస్రాన్ని ఖాళీ లేకుండా కూర్చడం ఎవరికీ సాధ్యం కాదు. పొందిక కోసం ఆరాటపడే ఆటలో పొందికకు లొంగని ముక్క ఒకటి పుట్టుకతోనే ఉన్నది.

అంతకంటె గంభీరమైన విషయం హైడీ బర్గీల్ అనే గణితజ్ఞురాలు 1997లో నిరూపించింది. మెట్టు ముక్కలు రెండూ, ఒకటి విడిచి ఒకటిగా, ఎడతెగకుండా వస్తే ఎంతటి నేర్పరి అయినా 70,000 ముక్కలు రాకముందే ఓడిపోక తప్పదు. ముక్కలు నిజంగా యాదృచ్ఛికంగా వచ్చే ఆటలో, అనంతకాలం ఆడితే, అట్టి దుర్దశ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. కనుక టెట్రిస్‌లో గెలుపు లేదు. ఉన్నది ఓటమిని వాయిదా వేయడమే. ఇక 2003లో ఎరిక్ డెమైన్, సూసన్ హోహెన్‌బెర్గర్, డేవిడ్ లిబెన్-నోవెల్ అనే ముగ్గురు పరిశోధకులు మరొకటి చూపించారు. రాబోయే ముక్కల వరుస అంతా ముందుగానే తెలిసినా, వాటిని అత్యుత్తమంగా అమర్చే మార్గం కనుగొనడం కంప్యూటర్ శాస్త్రంలో మహాకఠినమని పేరుబడ్డ సమస్యల తరగతికి చెందినది. భవిష్యత్తు తెలిసినా కష్టమే. తెలియక, క్షణంలో నిర్ణయించవలసి వస్తే చెప్పవలసినదేమున్నది?

ఇందులో రెండు శక్తులు పెనగులాడుతున్నవి. ఏ ముక్క వస్తుందో నిర్ణయించేది ఒకటి. వచ్చినదానిని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది మరొకటి. మొదటిదానికి పెద్దలు పెట్టిన పేరు దైవం, రెండవదానికి పురుషకారం. ఈ రెండింటి నడుమ వారధి కాలం. ముక్క ఆకాశంలో ఉన్నంతసేపు అది సాధ్యత; ఎటైనా పోవచ్చు. అడుగు తగిలి కుదురుకొన్న మరుక్షణం అది చరిత్ర. దానిని తీసి మరొకచోట పెట్టడానికి వీలులేదు. సరిగా పెట్టినవి వరుసలై మాయమైపోతాయి. తప్పుగా పెట్టినవే కళ్లెదుట మిగిలి, వాటి కింద చిక్కిన ఖాళీలతో సహా పైకి పైకి లేస్తాయి. చేసిన మేలు కనిపించదు, చేసిన పొరపాటు కదలదు. ఈ కాఠిన్యమే ఆటకు రుచి. ఆడేవాడు పడుతున్న ముక్కను చూస్తూ ఊపిరి బిగపట్టేది దానిని ఒక్కసారే పెట్టగలడు గనుకనే.

ఈ ఆట అసలు ఇల్లు చేతి యంత్రమని 1989లో రుజువైనది. 1988 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన ఎలక్ట్రానిక్ వస్తుప్రదర్శనలో హెంక్ రోజర్స్ అనే వర్తకుడు దీనిని మొదటిసారి చూశాడు. వెళ్లిపోయి మళ్లీ వచ్చి వరుసలో నిలబడి ఆడిన ఆట ఇదొక్కటేనని గ్రహించాడు. అప్పటికే దాని హక్కులు ఒకరి చేతినుండి మరొకరికి చిక్కుముడిగా మారి ఉన్నవి. బుడాపెస్ట్‌లో ఆటను చూసి ముచ్చటపడిన రాబర్ట్ స్టైన్ అనే మధ్యవర్తి వాటిలో కొన్నింటిని పడమటి దేశాలకు అమ్మాడు. సోవియట్ వైపున హక్కుల యజమాని ఎలక్ట్రానార్గ్‌టెఖ్నికా అనే ప్రభుత్వ సంస్థ. 1989 ఫిబ్రవరిలో రోజర్స్ పర్యాటకుని వీసాతో, పిలుపు లేకుండా ఆ సంస్థ గుమ్మం తొక్కి, చేతి యంత్రాలకు సంబంధించిన హక్కును సంపాదించాడు. ఆ యంత్రం నింటెండో వారి గేమ్ బాయ్.

గేమ్ బాయ్ చూడడానికి బీదది. తెర 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు. ఆకుపచ్చ చాయ మీద నాలుగే ఛాయాభేదాలు. వెనుక వెలుగు లేదు. దానిని రూపొందించిన బృందానికి పెద్ద గున్‌పెయ్ యొకోయ్ అనే ఇంజనీరు. బాగా అలవాటుపడి చవకైపోయిన పరికరాలనే కొత్త ఊహతో వాడుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. రంగులు లేవు గనుక ముక్కలను వేరు వేరు నమూనాలతో గుర్తుపట్టేట్టు చేశారు. తెర ఎత్తు చాలలేదు గనుక ఇరవై వరుసల బావిని పద్దెనిమిదికి కుదించారు. హిరొకాజు తనాకా "కొరొబైనికి" అనే రష్యన్ జానపద గీతాన్ని సన్నని యంత్రస్వరాలలోకి దించాడు. దేహం ఇంత మారింది. అయినా ప్రాణం చెక్కుచెదరలేదు. పైగా ఈ ఆటకు చేతి యంత్రమే తగిన పీఠమని తేలింది. బస్సు కోసం ఎదురుచూసే అయిదు నిమిషాలలో ఒక ఆట మొదలై ముగుస్తుంది. కథ గుర్తుంచుకోనవసరం లేదు, భాష తెలియనవసరం లేదు. అమెరికాలో యంత్రంతోపాటే పెట్టెలో పెట్టి ఇచ్చిన ఆ ఆట ప్రతులు ప్రపంచమంతటా 3 కోట్ల 50 లక్షల వరకు చెల్లిపోయాయి. 1993లో అలెగ్జాండర్ సెరెబ్రోవ్ అనే రష్యన్ వ్యోమగామి దానిని మీర్ అంతరిక్ష కేంద్రానికి వెంట తీసుకొని వెళ్లాడు. భారమే లేని చోట, వస్తువులు కిందపడని చోట, కిందపడే ముక్కల ఆట ఆడుకొన్నాడన్నమాట.

గేమ్ బాయ్ టెట్రిస్ కరుణ లేనిది. ముక్క అడుగు తగిలిన తరువాత, మరొక మెట్టు దిగవలసిన క్షణం రాగానే, అది అక్కడే బిగిసిపోతుంది. గోడకు ఆనుకొని ఉన్న ముక్క తిరగడానికి చోటు లేకపోతే బొత్తాం ఎంత నొక్కినా తిరగదు. వేగం పెరిగినకొద్దీ వేలికీ కంటికీ నడుమ దూరం తరిగిపోతుంది. ఓడినవాడు యంత్రాన్ని నిందించడానికి వీలులేదు. చివరి పది ముక్కలు ఎక్కడ పెట్టాడో అతనికి స్పష్టంగా తెలుసు. అందుకే వెంటనే మళ్లీ మొదలుపెడతాడు.

1996లో హక్కులు పజిత్నోవ్‌కు తిరిగి వచ్చాయి. అప్పటికి ఆయన అమెరికాలో స్థిరపడి ఉన్నాడు. రోజర్స్‌తో కలిసి టెట్రిస్ కంపెనీని స్థాపించాడు. అంతవరకు ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా తయారుచేస్తున్న టెట్రిస్‌లన్నింటికీ ఒకే వ్యాకరణం ఉండాలన్న ఆలోచన దాని ఫలితమే. ఏ ముక్కకు ఏ రంగు, అది ఏ విధంగా తిరగాలి, ఏ క్రమంలో రావాలి అన్నవాటికి నియమాలు ఏర్పడ్డాయి. ఆ నియమాలను పూర్తిగా అనుసరించిన తొలి ఆటలలో ఒకటి టెట్రిస్ వరల్డ్స్. దానిని ప్రకటించినది టి.హెచ్.క్యూ. అనే సంస్థ. అదే ఏడు కొత్తగా వచ్చిన గేమ్ బాయ్ అడ్వాన్స్ దానికి ఒక వేదిక.

ఉత్సాహంగా ఎదురుచూడడానికి కారణాలు లేకపోలేదు. యంత్రం కొత్తది, రంగులది, శక్తిమంతమైనది. కాని దాని తెర 240 చుక్కల వెడల్పు, 160 చుక్కల ఎత్తు. అనగా అడ్డంగా పెరిగింది గాని నిలువుగా పెద్దగా పెరగలేదు. టెట్రిస్ బావి నిలువుది. ఇరవై వరుసలు 160 చుక్కలలో ఇమడాలంటే ఒక్కొక్క గడికి 8 చుక్కలకు మించి దక్కవు. పన్నెండేళ్లనాటి గేమ్ బాయ్‌లో పద్దెనిమిది వరుసలు 144 చుక్కలలో ఇమిడినప్పుడు దక్కినవీ అవే ఎనిమిది. పెరిగిన వెడల్పు అంతా అలంకారానికి పోవలసిందే. వెనుక వెలుగు అప్పుడూ లేదు. ఎండకో దీపానికో యంత్రాన్ని వంచి చూడవలసి రావడం ఆ యంత్రం కొన్నవారందరి ఫిర్యాదు.

అలంకారాలకు మాత్రం లోటు లేదు. టెట్రిస్‌కు ఒక కథ అల్లారు. మైనోలనే గడిరూపపు జీవులకు కొత్త లోకాలు వెతికిపెట్టడం ఆడేవాని పని అన్నారు. మామూలు టెట్రిస్‌కు తోడు అయిదు రకాలు చేర్చారు. ఒకదానిలో పెద్ద చదరాలు కట్టాలి. ఒకదానిలో ఒకే రంగువి అతుక్కొంటాయి. ఒకదానిలో తెగిన ముక్కలు జలపాతంవలె కిందికి జారుతాయి. మిగిలినవి ఇంకొక తీరు. ముక్క ఎక్కడ పడబోతున్నదో నేల మీద నీడగా ముందే కనిపిస్తుంది. ఇష్టం లేని ముక్కను తరువాతకు దాచుకోవచ్చు. కథ ఎవరికీ గుర్తులేదు. దానివల్ల నష్టమూ లేదు. అయిదు రకాలలో కొన్ని ముచ్చటగానే ఉన్నవి. వీటిలో ఏ ఒక్కటీ ఆట ప్రాణాన్ని తీయలేదు.

ముక్కలు వచ్చే క్రమంలో చేసిన మార్పు ఇంకా ఆలోచింపదగినది. ఏడు ముక్కలను ఒక సంచిలో వేసి కలిపి, ఒక్కొక్కటిగా తీసి, సంచి ఖాళీ అయిన తరువాత మళ్లీ ఏడూ వేసి కలిపినట్లుగా ముక్కలు వస్తాయి. దీనివల్ల పొడుగు కర్ర కోసం ఎంతసేపు ఎదురుచూసినా నడుమ పన్నెండు ముక్కలకు మించి రావు. మెట్టు ముక్కలు నాలుగింటికి మించి వెంటవెంట రావు. బర్గీల్ చూపించిన మృత్యుశ్రేణి ఇక ఎన్నటికీ రాదు. అంటే దైవాన్ని కొంత మెత్తబరిచారు. పాతవారిలో కొందరు దీనికి పెదవి విరిచినా, లోకం దీనిని అంగీకరించింది. ఈనాటి పోటీలలో పెక్కింటికి ఈ సంచి పద్ధతే ఆధారం. ఎందుకనగా దైవం మెత్తబడినా పురుషకారం భారం తగ్గలేదు. వచ్చిన ముక్కను ఎక్కడ పెట్టాలన్న బాధ్యత అంతకు ముందువలెనే ఉన్నది.

ఆట చెడినది మరొకచోట. కొత్త నియమం ప్రకారం అడుగు తగిలిన ముక్క వెంటనే బిగియదు. సుమారు అరసెకండు గడువు ఉంటుంది. ఇంతవరకు న్యాయమే. కాని ఆ గడువులో ముక్కను ఒకసారి తిప్పితే గడువు మళ్లీ మొదటినుండి లెక్కకు వస్తుంది. మళ్లీ తిప్పితే మళ్లీ మొదటినుండి. ఎన్నిసార్లన్న దానికి హద్దు లేదు. కొత్త భ్రమణ పద్ధతిలో ముక్క తిరిగేటప్పుడు చోటు చాలకపోతే పక్కకో పైకో ఒక అడుగు వేస్తుంది కూడా. కనుక బొత్తాం నొక్కుతూ ఉన్నంతసేపు ముక్క నేల మీద బొంగరంవలె తిరుగుతూ, ఎగురుతూ, ఎన్నటికీ కుదురుకోకుండా ఉంటుంది. ఆడేవాడు ఆ విధంగా తిప్పుతూనే బావిని తీరికగా పరికించి, తరువాత వచ్చే ముక్కను చూసుకొని, నచ్చినచోటికి నెమ్మదిగా జరిపి వదలవచ్చును. వేగం ఎంత పెరిగినా ఒకటే. ముక్క మెరుపువలె కిందికి దిగినా, దిగిన తరువాత కాలం అతని బొటనవేలి కింద ఉన్నది.

ఆనాటి సమీక్షకులు ఈ లోపాన్ని వెంటనే పట్టుకొన్నారు. ఈ వెసులుబాటు వాడుకోకపోతే సరిపోతుంది గదా అని కొందరు సమాధానం చెప్పకపోలేదు. ఆ సమాధానం నిలవదు. నియమంలో అనుమతించినదానిని మనోనిగ్రహంతో మానుకోవడం వ్రతమవుతుంది గాని ఆట కాదు. వేగం మీరిపోయి, పేర్పు కప్పుకు చేరువై, ఓటమి తప్పదని తోచిన క్షణంలో వేలు దానంతట అదే బొత్తాం మీదికి పోతుంది. తప్పించుకొంటాడు. తప్పించుకొన్న తరువాత లభించిన అంకెలకు విలువ లేదని అతనికే తెలుస్తుంది. ఇద్దరి స్కోర్లను పోల్చి చూస్తే ఎవరు నేర్పరియో, ఎవరు ఓపికగా బొత్తాం నొక్కారో చెప్పే ఆధారం మిగలదు.

నిర్మాతల ఉద్దేశం చెడ్డది కాదు. కొత్తగా వచ్చేవారు, పిల్లలు, వృద్ధులు వేగానికి బెదిరి వెళ్లిపోకూడదని వారి తలంపు. ఆ దయ సహజమైనదే. అయితే దయకు హద్దు ఉండాలన్నది అప్పటికే ఒకరు చూపించి ఉన్నారు. 1998లో జపానులోని ఆటశాలల కోసం అరికా అనే సంస్థ తయారుచేసిన "టెట్రిస్: ది గ్రాండ్ మాస్టర్"లో పై దశలకు చేరిన తరువాత ముక్క పైన కనిపించీ కనిపించకముందే నేల మీద ఉంటుంది. అట్టి వేగంలో గడువు ఇవ్వకపోతే ఎవ్వరూ ఆడలేరు. కనుక గడువు ఇచ్చారు. కాని తిప్పినందువల్ల ఆ గడువు పెరగదు. ముక్క ఒక వరుస కిందికి దిగితేనే మళ్లీ మొదలవుతుంది. బావికి అడుగు ఉన్నది గనుక దిగడానికీ అంతమున్నది. అక్కడా దయ ఉన్నది. కాలం మాత్రం ఆగలేదు.

ఈ భేదం తెలుగు సాహిత్యసభలకు వెళ్లినవారికి సులభంగా బోధపడుతుంది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉన్నది. అవధాని ఒక్కొక్క అక్షరం చెపుతూ ఉంటే, తరువాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అడ్డుతగులుతూ ఉంటాడు. చెప్పిన అక్షరాన్ని వెనుకకు తీసుకోవడానికి లేదు. ఛందస్సు చెడడానికి లేదు. అర్థం తప్పడానికి లేదు. ఈలోగా గంటలు మోగుతూ ఉంటాయి, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు చెవిలో జోరీగవలె ఉంటాడు. పృచ్ఛకుడు కొంచెం సులభమైన నిషేధం పెట్టినంత మాత్రాన అవధానం చెడదు. కాని అవధాని చెప్పిన అక్షరాన్ని నాలుగు రోజులు మార్చుకొంటూ ఉండవచ్చునని సభవారు దయతలిస్తే అక్కడ మిగిలేది తీరికగా రాసిన పద్యమే. అది మంచి పద్యమే కావచ్చు. అవధానం మాత్రం కాదు. పద్యం కోసం కాదు గదా సభ ఊపిరి బిగపట్టి కూర్చున్నది.

పునర్నిర్మాణం చేసేవారు సాధారణంగా చేసే పొరపాటు ఇదే. పాత కృతిలో ఆడేవారిని, చదివేవారిని కష్టపెట్టిన అంశాలను జాబితా వేసి ఒక్కొక్కదానిని తొలగిస్తారు. కష్టాలలో రెండు జాతులు ఉన్నవని గమనించరు. వెలుగులేని తెర ఒక కష్టం. అది పోతే మంచిదే. కర్ర ముక్క ముప్పై ముక్కలైనా రాకపోవడం ఒక కష్టం. అది పోయినా తట్టుకోవచ్చు. నిర్ణయానికి గడువు ఉండడం, నిర్ణయం తరువాత మార్పు లేకపోవడం కూడా కష్టమే. కాని దానిని తీసివేస్తే మిగిలిన కష్టాలను భరించడానికి కారణమే లేకుండా పోతుంది. అది మాత్రం అడ్డంకి కాదు. ఇల్లు నిలవడానికి ఆధారమైన నడిమి దూలం. టెట్రిస్ వరల్డ్స్ నిర్మాతలు ఇంటికి సున్నం కొట్టి, కిటికీలు పెంచి, ముందు గది విశాలం చేయడానికి ఆ దూలాన్ని కోశారు.

ఆ తరువాతి చరిత్ర ఈ తీర్పును బలపరుస్తున్నది. 2006లో నింటెండో వారి మరొక చేతి యంత్రం మీద వచ్చిన "టెట్రిస్ డి.ఎస్." అందంగా ఉండి, ఇద్దరికి పదిమందికి కలిసి ఆడుకోవడానికి అనువుగా ఉండి, మంచి పేరే తెచ్చుకొన్నది. అయినా హద్దులేని ఆ తిప్పుడు అందులోనూ ఉండడం నేర్పరులను నొప్పించింది. క్రమంగా వ్యాకరణాన్ని సవరించారు. తరువాత వచ్చిన టెట్రిస్‌లు పెక్కింటిలో అడుగు తగిలిన ముక్కకు గడువు పొడిగింపు 15 కదలికల వరకే. ఆ పదిహేను అయిపోతే ఎంత తిప్పినా లాభం లేదు, ముక్క బిగిసిపోతుంది. వ్యాకరణం రాసినవారే తమ సూత్రానికి అపవాదం చేర్చుకొన్నారన్నమాట.

అన్నింటికంటె పెద్ద సాక్ష్యం 2023 డిసెంబరులో లభించింది. 1989లో నింటెండో వారి ఇంటి యంత్రం మీద వచ్చిన టెట్రిస్ కూడా గేమ్ బాయ్ దానివలెనే కఠినమైనది. అందులో 29వ దశకు చేరితే ముక్కలు పడే వేగం మనిషి వేళ్లకు అందనిదని, ఆట అక్కడితో ముగిసినట్లేనని చాలా సంవత్సరాలు అందరూ నమ్మారు. కొత్తతరం పిల్లలు పాత బొత్తాములను నొక్కే కొత్త కిటుకులు కనిపెట్టి ఆ హద్దును దాటారు. అమెరికాలోని ఓక్లహామాకు చెందిన 13 ఏళ్ల బాలుడు ఒకడు దాదాపు 40 నిమిషాలు ఏకధాటిగా ఆడి 157వ దశకు చేరగా యంత్రమే లెక్కలు తప్పి నిశ్చేష్టమైపోయింది. ఓటమి తప్ప ముగింపు లేదనుకొన్న ఆటలో ముందుగా ఓడినది యంత్రం. ఆట పుట్టేనాటికి ఆ బాలుడు పుట్టలేదు. అతని తలిదండ్రులు చిన్నవారై ఉంటారు. రంగులూ నీడలూ దాపుడు సౌకర్యాలూ ఉన్న ఎన్నో టెట్రిస్‌లు చేతికి అందేటట్లు ఉండగా, అతనివంటి పిల్లలు వెతుక్కొంటూ పోయి ఆ 1989 నాటి కఠినమైన ఆటనే ఎన్నుకొన్నారు. అక్కడ సాధించినది సాధించినట్లే లెక్కకు వస్తుంది.

టెట్రిస్ వరల్డ్స్‌ను ఈనాడు తలచుకొనేవారు తక్కువ. దాని కథ మరుగునపడినది, దాని లోకాలు మరుగునపడినవి. ఆట చరిత్రలో దానికి మిగిలిన పేరు ఆ అంతులేని బొంగరం ఒక్కటే. అయినా దానిని వ్యర్థమని తీసివేయడం న్యాయం కాదు. పజిత్నోవ్ తన బీద యంత్రం మీద విరామచిహ్నాలతో కట్టిన ఆటలో ప్రాణం ఎక్కడ ఉన్నదో ఆయన అభిమానులకు అంతకుముందు మాటలలో చెప్పడం చేతనయ్యేది కాదు. ముక్క నేలకు దిగకుండా తిరుగుతూ ఉండడం చూసిన తరువాత అందరికీ చేతనయినది.